తెర మీద పురుగుల ఆట

గర్భిణులకు స్కానింగ్ చెయ్యడం నా వృత్తి. బందరులో ఒక స్కాన్ సెంటర్లో రోజంతా పుట్టబోయే పిల్లల తలలూ తొడ ఎముకలూ కొలిచి, “గుండె చక్కగా కొట్టుకుంటోందమ్మా” అని చెప్పి, సాయంత్రం గుడివాడ బస్సెక్కి ఇంటికి వెళ్ళేదాన్ని. నా దగ్గరికి వచ్చేవాళ్ళందరూ ఆడవాళ్ళు. నేను చెప్పే కబుర్లు చాలావరకు మంచివే. డాక్టర్లలో ఇంతకంటే హాయైన ఉద్యోగం ఇంకెవరికీ ఉండదని లోలోపల మురిసిపోతూ ఉండేదాన్ని.

అలాంటి రోజుల్లో, నాకు పీజీలో పాఠాలు చెప్పిన ప్రొఫెసరుగారు ఫోన్ చేశారు.

“ఏమ్మా, నీ చెయ్యి ఇంకా నిదానంగానే ఉందా?”

“ఉందనే అనుకుంటున్నాను సార్.”

“అయితే వారానికి రెండు రోజులు నాకివ్వు. పురుగుల్ని చూడాలి.”

ఆయన మాట్లాడేదే తక్కువ. మిగతాది నేనే అడిగి రాబట్టుకోవాల్సి వచ్చింది. బోదకాలుకి కొత్త మందు ఒకటి తయారైంది. దాన్ని దివిసీమలో కొంతమందికి ఇచ్చి పరీక్షించబోతున్నారు. ఆ పనికి ఆయన పెద్ద.

బోదకాలు అంటే మా వైపు తెలియనివాళ్ళు ఉండరు. దోమకాటు వల్ల వస్తుంది. దారప్పోగుల్లాంటి పురుగులు ఒంట్లోని సన్నటి నాళాల్లో చేరి ఏళ్ళ తరబడి కాపురం చేస్తాయి. పిల్లల్ని పెడతాయి. ఆ పిల్లలు రక్తంలో తిరుగుతుంటే ఇంకో దోమ వాటిని పీల్చి పక్కింటివాళ్ళకి అందిస్తుంది. ఇంటింటికీ తిరిగి మింగించే మాత్రలు ఆ పిల్ల పురుగుల్ని బాగానే ఊడ్చేస్తాయి గాని, పెద్దవాటిలో చాలావాటి జోలికి పోలేవు. అవి మళ్ళీ కంటాయి. అందుకే ఏటేటా మింగాలి. పెద్ద పురుగుని చంపే మందు కావాలని ఎప్పటినుంచో అందరికీ తెలుసు. అయితే ఈ జబ్బు వచ్చేది చేలల్లోనూ రేవుల్లోనూ కష్టం చేసుకునేవాళ్ళకి. వాళ్ళ కోసం కొత్త మందు చేస్తే లాభం రాదని కంపెనీలు ఇటువైపు తిరిగి చూడలేదు. ఇప్పుడు ఎవరో కొందరు పూనుకున్నారు. ఈ పురుగు లోపల ఒక రకం బ్యాక్టీరియా బతుకుతుందట. అది లేకపోతే పురుగు ముందు గొడ్డుపోతుంది, ఆ తర్వాత మెల్లగా చచ్చిపోతుంది. కొత్త మాత్ర చంపేది ఆ బ్యాక్టీరియాని.

“మరి పురుగు చచ్చిందని ఎలా తెలుస్తుంది సార్?”

“బతికుంటే స్కాన్లో మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. చస్తే కదలదు.”

“స్కాన్ ఎక్కడ చెయ్యాలి?”

“దివిసీమలోనే. ఒక పీహెచ్‌సీలో గది ఇచ్చారు.”

“అది కాదు సార్. ఒంట్లో ఎక్కడ?”

“మగవాళ్ళకి చెయ్యాలమ్మా. బీజాల దగ్గర. ఈ పురుగులకి అక్కడంటే ఇష్టం.”

నాకు నవ్వాగలేదు. “మగడాక్టర్లు లేరా సార్?”

“ఉన్నారు. వాళ్ళకి ఓపిక లేదు. ఒక్కో మనిషి దగ్గర తెర వంక చూస్తూ కదలకుండా కూర్చోవాలి. కడుపులో బిడ్డ పక్కకి తిరిగేదాకా కాచుకుని కూర్చునే అలవాటు నీకుంది.”

ఇంట్లో చెప్తే మా ఆయన పడీపడీ నవ్వారు. మా అత్తగారు మాత్రం, “పురుగులంటే ఏం పురుగులే?” అని అడిగి, నేను చెప్పింది సగం విని, “నీకు తోచింది చెయ్యి గాని వీధిలో ఎవరితోనూ చెప్పకు” అని తేల్చేశారు.

అలా నేను చల్లపల్లి మీదుగా అవనిగడ్డ దాటి, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరికి వెళ్ళడం మొదలుపెట్టాను. వ్యానులో చిన్న స్కానింగ్ మిషనూ, నాకు తోడుగా మా అటెండరూ ఉండేవారు. ఆయన బందరు ఇనగుదురుపేటలో ఉండే ముస్లిం పెద్దాయన. అందరూ భాయ్ అనే పిలుస్తారు. మగవాళ్ళకి నేను స్కాన్ చేసేటప్పుడు గదిలో ఇంకో మగమనిషి ఉండాలని ప్రొఫెసరుగారు ఆయన్ని నాకు తోడిచ్చారు. దుప్పటి కప్పడం, తలుపు వెయ్యడం, పేషెంటుకి ధైర్యం చెప్పడం ఆయన పని. మూడోది అన్నిటికంటే కష్టమని మొదటి రోజే తేలిపోయింది.

మేము వెళ్ళింది వేట నిషేధం రోజుల్లో. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం సముద్రం మీదికి పడవల్ని వెళ్ళనివ్వదు. మగవాళ్ళందరూ ఒడ్డునే ఉంటారు. వలలు అల్లుకుంటూ, పేకాడుకుంటూ, ఏం తోచక తిరుగుతుంటారు. కనుక వేలి నుంచి ఒక రక్తపు చుక్క ఇమ్మంటే సంతోషంగా వచ్చి ఇచ్చారు. పీహెచ్‌సీ వరండాలో పెళ్ళి పందిరిలా సందడి. ఆ చుక్కలో పురుగు జాడ ఉందని తేలినవాళ్ళని భాయ్ వెనక గదికి తీసుకొచ్చేవాడు. తలుపు తియ్యగానే మిషన్ పక్కన చీర కట్టుకుని నేను కనిపించేదాన్ని. అంతటితో సరి.

మొదటాయన, “బస్సు టైమైంది, ఇప్పుడే వస్తా” అని వెళ్ళి మళ్ళీ కనిపించలేదు. ఇంకొకాయన నన్ను చూసి నర్సుననుకుని, “డాక్టరుగారు వచ్చేదాకా బయటుంటాను” అన్నాడు. నేనే డాక్టరునని చెప్తే, నిజంగానే బయటే ఉండిపోయాడు. ఒక కుర్రాడు స్కానుకి ఒప్పుకున్నాడు గాని తలమీద హెల్మెట్ తియ్యనన్నాడు. తర్వాత ఎక్కడైనా కనబడితే నేను గుర్తుపడతానని భయమట. బల్ల మీద నల్లటి హెల్మెటుతో, దాని అద్దం కిందికి దించుకుని, కింద దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. అతన్లో పురుగులు కనిపించలేదు. ఆ మాట చెప్పగానే హెల్మెట్‌తోనే లేచి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

“ఇట్టా అయితే మన మందు కథ కంచికే మేడమ్‌గారూ” అన్నాడు భాయ్, తిరుగు ప్రయాణంలో.

ఆ తర్వాతి వారం ఒక మొగుడూ పెళ్ళాం వచ్చారు. అతనికి నలభై దాటి ఉంటాయి. సొంత పడవ ఉన్నవాడు. గొంతు పెద్దది. ఏ జబ్బూ లేదు, వాళ్ళమ్మకి బోదకాలు ఉంది కాబట్టి ఊరికే ఒకసారి చూపించుకుందామని వచ్చాడు. రక్తపు చుక్కలో పురుగు జాడ కనిపించింది. మాట్లాడుతూ మాట్లాడుతూ వెనక గదిలోకి వచ్చినవాడు నన్ను చూసి టక్కున వెనక్కి తిరిగాడు. వెనకాలే వస్తున్న భార్య గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

“ఎక్కడికి?”

“ఈ డాక్టరుగారు ఆడమనిషే.”

“అయితే? నేను ముగ్గుర్ని కన్నాను. కాన్పు గదిలో నన్ను ఎంతమంది చూశారో నీకు తెల్సా? నేనేవన్నా పారిపోయానా? నడు లోపలికి.”

అతను భాయ్ వంక చూశాడు. భాయ్ గోడమీది క్యాలెండరు వంక చూశాడు. ఇంక దారి లేక బల్లెక్కి పడుకున్నాడు.

నేను తెర మీదే దృష్టి పెట్టి మెల్లగా వెతికాను. ముందు ఏమీ లేదు. చేతిలోని స్కాన్ ప్రోబ్‌ని కొంచెం పైకి జరిపాక, చీకటి గుంటలా ఉబ్బిన ఒక నాళం కనిపించింది. దాని లోపల తెల్లటి పోగులు. ఊపిరి బిగబట్టి చూశాను. పోగులు కదులుతున్నాయి. ఊరికే కదలడం కాదు, ఒకదాన్నొకటి చుట్టుకుని, విడిపోయి, కొరడాల్లా విసురుకుంటూ, క్షణం కూడా ఆగకుండా మెలికలు తిరుగుతున్నాయి. మా పుస్తకాల్లో దీన్ని ఫైలేరియా డ్యాన్స్ అంటారు. పుస్తకంలో చదివినప్పుడు ఆ పేరు పెట్టినవాళ్ళు అతిగా పోయారనుకున్నాను. ఇప్పుడు చూస్తుంటే ఇంకో పేరు తోచలేదు.

నేను అంతసేపు మాట్లాడకపోయేసరికి అతను మెడ సాచి తెర వంక చూశాడు.

“ఏంటండీ అయ్యి?”

“పురుగులు.”

“బతికున్నయ్యా?”

“బతికే ఉన్నాయి.”

“నాలోనా?” అన్నాడు. అంత పెద్ద గొంతూ పిల్లాడి గొంతులా అయిపోయింది. వెంటనే తేరుకుని, “ఏమే, ఇట్రా! ఇది చూడు!” అని కేకపెట్టాడు.

ఆవిడ వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. “అమ్మో, ఇంత ఆడతన్నయ్యేంటండీ!”

“కూచిపూడి ఇంత దగ్గర్లో పెట్టుకుని ఆడక ఏం చేస్తయ్యి?” అన్నాడతను. భాయ్ ముందు నవ్వాడు. తర్వాత నేను. చివరికి అతనూ నవ్వాడు.

నవ్వులన్నీ అయ్యాక అసలు మాట మొదలైంది. ఆ రోజు క్యాంపుకి వచ్చిన ప్రొఫెసరుగారు వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి అంగీకారపత్రం చదివి వినిపించారు. కొందరికి కొత్త మందు వస్తుంది, కొందరికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర వస్తుంది, ఎవరికి ఏది వెళ్ళిందో చివరిదాకా ఎవరికీ చెప్పరు, ఉత్త మాత్ర వచ్చినవాళ్ళకి పరీక్ష పూర్తయ్యాక అసలు మందు ఇస్తారు.

“నాకేది వచ్చిందో మీకు కూడా తెలవదా?” అన్నాడతను.

“తెలీదు.”

“ఈ డాక్టరమ్మకో?”

“ఆవిడకి అసలే తెలియకూడదు. తెలిస్తే ఆవిడ కళ్ళు చూడాలనుకున్నదే చూస్తాయి.”

అతని భార్య అంతసేపూ నేల చూపులు చూస్తూ వింటోంది. తలెత్తి అడిగింది. “అంటే ఈయన మీద మీరు ప్రయోగం చేస్తన్నారన్నమాట.”

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ప్రొఫెసరుగారు చెయ్యి అడ్డం పెట్టి, “అవునమ్మా, ప్రయోగమే” అన్నారు. “ఇంతకుముందు కొంతమందికి ఇచ్చి చూశాం, ప్రమాదం కనబడలేదు. అయినా ప్రయోగమే. వద్దంటే మానేయొచ్చు. మధ్యలో మానేసినా ఎవరూ ఏమీ అనరు.”

“మా అత్తని అడగాలి” అందామె.

ఆ అత్తని నేనూ చూడాలనుకున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ వాళ్ళతో పాటే వాళ్ళ ఇంటికి వెళ్ళాను. రేవు వైపు వెళ్ళే దారిలో, పక్కా ఇల్లు. ముందు పరిచిన వల మీద ఎండబెట్టిన చేపలు. వాటి పక్కన స్టూలు మీద ఆమె కూర్చుని కాకుల్ని తోలుతోంది. డెబ్బై ఉంటాయేమో. ఎండుచేపలు గంపకెత్తి చల్లపల్లి దాకా తిరిగి అమ్మిన మనిషి. ఎడమ కాలు మోకాలి కిందనుంచి స్తంభంలా ఉంది. చర్మం మడతలు పడి, వేళ్ళ సందుల్లో చెమ్మ చేరి, అక్కడక్కడ పుళ్ళు. ఏడాదికి కొన్నిసార్లు గజ్జల్లో బిళ్ళ కట్టి, చలిజ్వరం వచ్చి, మంచం మీద నుంచి లేవలేకపోతుందట.

కొడుకు తనలో పురుగుల సంగతంతా చేతులు తిప్పుతూ ఆడి చూపించాడు. ఆమె నవ్వకుండా విని, నా వైపు తిరిగింది.

“ఆ మందేస్తే నా కాలు తగ్గుద్దా అమ్మా?”

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. “తగ్గదమ్మా. పురుగు వల్ల పాడైన నాళాలు మందుతో బాగుపడవు. పురుగు బతికున్నప్పుడే చంపితే, మీ అబ్బాయికి ఇలా రాకుండా ఉండొచ్చు.”

ఆమె కాసేపు తన కాలు వంక చూసుకుంది. ఒక కాకి వచ్చి చేప మీద వాలింది. దాన్ని తోలలేదు.

“నాకు వచ్చినప్పుడు ఏడున్నారు మీరంతా?” అంది. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. ఆమే మళ్ళీ, “సరే. ఆడికివ్వండి” అంది.

ఆ రోజు ఇంటికి వచ్చినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. బోదకాలు తగ్గించలేకపోయినా జ్వరాలు రాకుండా చూడొచ్చని చదివాను. రోజూ సబ్బుతో కడగాలి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడవాలి, పుండుకి మందు రాయాలి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోవాలి. అంతే. పీహెచ్‌సీ నర్సు దగ్గర దగ్గరుండి నేర్చుకుని, మరుసటి వారం ఒక బకెట్, సబ్బు, మెత్తటి తువ్వాలు పట్టుకుని వెళ్ళాను.

“ఏంటి, కాళ్ళు కడుక్కోవటం కూడా నీ దగ్గర నేర్చుకోవాలా నేను?” అందామె.

“నేర్చుకోవాలి” అన్నాను.

“నువ్వు పుట్టకముందు నుంచీ కడుక్కుంటన్నాను.”

“మీరు నీళ్ళు పోసుకుంటున్నారు. కడగడం వేరు.”

కోడలు కిసుక్కున నవ్వింది. ముసలామె కాలు చాచింది. నేను నేల మీద కూర్చుని ఒక్కొక్క మడతా విడదీసి కడుగుతుంటే, చిన్నగా, “ఈ కాలుని ఎవరూ ముట్టుకోరమ్మా” అంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి కనబడకుండా ఇంకాస్త వంగి వేళ్ళ సందులు తుడిచాను.

కొడుక్కి మాత్రలు మొదలయ్యాయి. కొన్ని వారాల పాటు రోజూ వేసుకోవాలి. అందరికీ చెప్పినట్టే అతనికీ, ఎండకి ఒళ్ళు మండొచ్చు, జాగ్రత్త అని చెప్పాం. భార్య అతనికి పొడుగు చేతుల చొక్కా తొడిగి, నెత్తికి తువ్వాలు చుట్టి, మెడ వెనక కొబ్బరినూనె రాసి పంపేది. రేవులో అందరూ పెళ్ళికొడుకని ఏడిపించారట. వేట మొదలయ్యాక కూడా పడవలో మాత్రల డబ్బా పెట్టుకుని వెళ్ళాడు. ఫోన్ సిగ్నల్ అందినంత దూరం ఆవిడ, “వేసుకున్నావా?” అని అడుగుతూనే ఉండేది.

ఈలోగా మాకు తెలియకుండానే ఒక మేలు జరిగింది. అతను టీ కొట్టు దగ్గర కూర్చుని తనలోని పురుగుల కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో రోజు ఒక్కో రకంగా పెరిగిందా కథ. ఒకసారి పురుగు జానెడుంది, ఇంకోసారి మూరెడుంది. “ఆ డాక్టరమ్మ మన మొకం కూడా చూడదురా. తెర తప్ప ఇంకేం చూడదు. తెల్లారి నేను నమస్కారం పెడితే, నువ్వెవరన్నట్టు చూసింది” అని చెప్పాడట. అది పచ్చి అబద్ధం. అయినా దాంతోనే మగవాళ్ళు రావడం మొదలైంది. ఒకరి వెనక ఒకరు, సిగ్గుపడుతూ, నవ్వుకుంటూ వచ్చారు. “నాకూ ఆడతన్నయ్యా?” అని అడిగేవాళ్ళు. లేవంటే కొందరి మొహాల్లో నిరాశ కూడా చూశాను.

ఆరు నెలలకి మళ్ళీ స్కాన్లు చేశాం. ఈసారి పేషెంటు తెర చూడకూడదని ప్రొఫెసరుగారు గట్టిగా చెప్పారు. మిషన్ని నా వైపు తిప్పుకున్నాను. పడవాయన పడుకుని పైకప్పు చూస్తూ, ఊళ్ళో కబుర్లన్నీ చెప్పాడు. నేను పాత చోటే వెతికాను. ఉన్నాయి. అదే జోరు, అవే మెలికలు. నా మొహంలో ఏమీ కనిపించకుండా జాగ్రత్తపడుతూ వీడియో తీసుకున్నాను.

“ఇంకా ఆడతన్నయ్యండీ” అన్నాడతను ఉన్నట్టుండి.

“మీకెలా తెలుసు?”

“మీ కళ్ళజోడులో కనబడతన్నయ్యి.”

అతను లేచి లుంగీ సర్దుకుని, “నాకు ఉత్త బిళ్ళలే వచ్చినయ్యి” అన్నాడు. ఈ మందు మెల్లగా పనిచేస్తుందని, చావడానికి ఏడాది పైనే పట్టొచ్చని ముందే చెప్పాం. అదే మళ్ళీ చెప్పాను. అతను వినే స్థితిలో లేడు. “ఎండలో పెళ్ళికొడుకులాగా తిరిగింది దీనికా?” అని వెళ్ళిపోయాడు.

తర్వాతి స్కానుకి రాలేదు. ఫోన్ చేస్తే, వేటలో ఉన్నానన్నాడు. ఇంకోసారి చేస్తే ఎత్తలేదు. నాకు ఉక్రోషం వచ్చింది. వెళ్ళి మాట్లాడతానంటే ప్రొఫెసరుగారు వద్దన్నారు. “మానేయొచ్చని మనమే చెప్పాం కదమ్మా. ఆ మాటకి విలువుండాలి.”

“కాని సార్, ఆయన్లో ఏం జరుగుతుందో తెలియకుండా పోతుంది.”

“పోనీ. మనిషి ఇష్టం కంటే అదేం పెద్దది కాదు.”

ఆయన మాట నిజమే. అయినా ఆ వారమంతా గర్భిణులకి స్కాన్ చేస్తూ కూడా నేను ఆ పురుగుల గురించే ఆలోచించాను.

ఆ తర్వాత ఒక క్యాంపు రోజున, వరండాలో గట్టిగా మాటలు వినిపించి బయటికి వచ్చాను. ముసలామె. ఆటో దిగి, ఒక చేత్తో కోడలి భుజం, ఇంకో చేత్తో కొడుకు చొక్కా పట్టుకుని వస్తోంది. అంత దూరం ఆమె పీహెచ్‌సీకి రావడం అదే మొదలట. నన్ను చూసి చీర కాస్త ఎత్తి కాలు చూపించింది.

“చూడు. పుండు లేదు. వానలు పడ్డయ్యి, అయినా జ్వరం రాలేదు.”

నిజంగానే చర్మం పొడిగా, శుభ్రంగా ఉంది. లావు పెద్దగా తగ్గలేదు గాని, పుళ్ళన్నీ మానాయి. నేను సంబరంగా ఏదో అనబోతుంటే ఆమె కొడుకు వైపు తిరిగింది.

“నా కాలుకి మందు లేదని తెల్సి కూడా రోజూ కడుక్కుంటన్నాను గదరా. నీకు మందొచ్చిందో లేదో తెలీకుండానే మానేస్తావా?”

నలుగురి ముందూ అనేసరికి అతను తల గోక్కున్నాడు. “మానేశానని ఎవరన్నారమ్మా? తీరిక దొరకలేదంతే.”

“ఇప్పుడు దొరికింది గదా. పో.”

“మీకిష్టమైతేనే” అన్నాను నేను, ప్రొఫెసరుగారి మాట గుర్తొచ్చి.

“ఇష్టమేలెండి” అన్నాడు, వాళ్ళమ్మని ఓరగా చూస్తూ. “ఇష్టం లేకపోతే ఇంటికెళ్ళనిస్తదా?”

అప్పటికి మాత్రలు మొదలుపెట్టి ఏడాది దాటింది. ఈసారి నేను కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, తెరకి దగ్గరగా జరిగి కూర్చున్నాను. ఉబ్బిన నాళం అక్కడే ఉంది. తెల్లటి పోగులు కూడా ఉన్నాయి. కాని ఏమీ కదలడం లేదు. మిషన్ ఆగిపోయిందేమోనని ప్రోబ్‌ని నా వేలి మీద పెట్టి చూసుకున్నాను, బాగానే ఉంది. మళ్ళీ చూశాను. కోణం మార్చి చూశాను. ఒక పోగు కొసన చిన్న అదురు కనబడినట్టయింది. అది అతని నాడి కొట్టుకోవడం. లేచి బయటికెళ్ళి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. నిశ్చలంగా ఉన్నాయి. పురుగులు ఆడటం మానేశాయి.

సంతోషం పొంగుకొచ్చింది. దాన్ని మింగేశాను. ఒక్క మనిషిలో పురుగులు చచ్చినంత మాత్రాన మందు పనిచేసినట్టు కాదు, వాటంతటవి కూడా చావొచ్చు. పైగా నా వీడియోని ఇంకోచోట ఇంకో డాక్టరు చూసి ఒప్పుకోవాలి. ఇదంతా నాకు తెలుసు. అందుకే, “అయిపోయింది, లేవండి” అని మాత్రం అన్నాను.

అతను నన్ను పరీక్షగా చూశాడు. “ఏం కనబడింది డాక్టరమ్మా?”

“చెప్పకూడదు.”

“చెప్పకపోయినా మీకు నవ్వు దాచుకోవటం రాదండీ” అని తలుపు తీసుకుని బయటికి వెళ్ళాడు. వరండాలో వాళ్ళమ్మతో ఏదో అన్నాడు. ముగ్గురూ ఒక్కసారే మాట్లాడుకోవడం వినిపించింది.

పరీక్ష మొత్తం పూర్తయి, ఎవరికి ఏది వెళ్ళిందో తెరిచి చూసింది ఇంకా చాలా నెలల తర్వాత. ప్రొఫెసరుగారు బందరు హల్వా డబ్బా ముందు పెట్టుకుని, షుగరున్న మనిషి ఒక్కో ముక్కా తింటూ నాకు చెప్పారు. పడవాయనకి వెళ్ళింది అసలు మందే. మొత్తం మీద మందు ఆశాజనకంగానే ఉంది. అయితే వారాల తరబడి రోజూ మింగాల్సిన మాత్రని ఊళ్ళకి ఊళ్ళు పంచడం కష్టం. తక్కువ రోజుల్లో పనిచేసేలా దాన్ని మార్చాలి. మార్చినదాన్ని మళ్ళీ మొదటినుంచీ పరీక్షించాలి. ఇంకా ఎక్కువమందికి ఇచ్చి చూడాలి. “నేను రిటైరయ్యేలోగా అవదు” అన్నారాయన. బాధపడుతున్నట్టు కనిపించలేదు. ఇంకో ముక్క నోట్లో వేసుకుని, “నువ్వు చూస్తావులే” అన్నారు.

ఫలితం చెప్పడానికి పడవాయన ఇంటికి మా బృందంతో పాటు నేనూ వెళ్ళాను. అతను విని, కడుపు కింద చెయ్యి పెట్టుకుని, అనుమానంగా అడిగాడు. “అయితే నా లోపల ఇప్పుడు శవాలున్నయ్యా?”

“ఒళ్ళే మెల్లగా కరిగించేసుకుంటుంది.”

“కర్మకాండలేవన్నా చెయ్యాలేమో కనుక్కోండి” అంది భార్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఇల్లంతా నవ్వింది. ముసలామె కూడా నవ్వింది, కాలు పీట మీద ఎత్తి పెట్టుకుని.

ఆ రోజు నన్ను అన్నం తినకుండా కదలనివ్వలేదు. కొరమేను పులుసు, వేడన్నం. ముసలామె నా పక్కనే కూర్చుని, “ఈసారి కాళ్ళకి మందు పట్టుకురా” అంది.

“వెతుకుతున్నారమ్మా. చెప్తాను వాళ్ళకి.”

“చెప్పు. గట్టిగా చెప్పు” అని ఇంకో చేప ముక్క వేసింది.

ఆమె మీద నాకు తెలియకుండానే ఏర్పడ్డ చనువుతో, అవనిగడ్డలో ఒక చెప్పుల అతనికి ఆమె కాలి కొలతలు ఇచ్చి, వెడల్పాటి పట్టీలతో మెత్తటి చెప్పులు కుట్టించి ఆ రోజు వెంట తెచ్చాను. ఆమె వాటిని తొడుక్కుని వీధి చివరిదాకా నడిచి వచ్చి, “ఒక కాలుది బాగుంది, రెండోది కరుస్తంది” అంది. కరుస్తోంది మంచి కాలుదే.

సాయంత్రం వ్యాను రిపేరుకి వెళ్ళడంతో బస్సులో తిరిగొచ్చాను. ఎక్కేముందు కోడలు పరుగెత్తుకుంటూ వచ్చి ఒక గుడ్డ సంచి నా చేతిలో పెట్టింది. ఎండురొయ్యలు. చల్లపల్లి దాటేసరికి బస్సులో సగం మంది కిటికీల్లోంచి తలలు బయట పెట్టారు. కండక్టరు వచ్చి, “ఎవరిదండీ ఆ సంచి?” అని గద్దించాడు. నేను మర్యాదగా, గర్వంగా చెయ్యెత్తాను. అతను వంగి సంచి మూతి విప్పి చూసి, మొహం మార్చేసి, “ఎక్కడ కొన్నారండీ?” అని గొంతు తగ్గించి అడిగాడు. కొనలేదు, ఇచ్చారని చెప్పాను. బందరులో దిగేలోగా అతనికో గుప్పెడు ఇచ్చాను. గుడివాడ బస్సులో మాత్రం అందరూ నాకు దూరంగా జరిగి కూర్చున్నారు. మొత్తం సీటు నాదే. కాళ్ళు చాపుకుని ఇంటిదాకా హాయిగా నిద్రపోయాను.